రేవు కూలినా... బేరం నిలిచింది!

భూకంపం వస్తే ఇళ్లు కూలతాయి. వంతెనలు విరుగుతాయి. కంటికి కనపడకుండా కూలిపోయేది ఇంకోటుంది. అదే వ్యాపారం! కొనేవాడు మరో ఊరు చూసుకుంటాడు. ఓడ మరో రేవుకెళ్లిపోతుంది. ఇళ్లయితే మళ్లీ కట్టుకోవచ్చు. ఒకసారి దారి మళ్లిన బేరాన్ని వెనక్కి తెచ్చుకోవడమే కష్టం. అలాంటి కష్టం వచ్చినప్పుడు ఓ జపాన్ నగరం మన దేశపు వర్తకుల్ని వెనక్కి రమ్మని పిలిచింది. వాళ్లు వెళ్లారు. ఆ ఊరికి చెప్పిన కృతజ్ఞత నేటికీ సముద్రపు ఒడ్డున నిలిచే ఉంది.

జపాన్‌లోని యోకోహామా నగరం. సముద్రాన్ని ఆనుకుని యమషిత పార్కు. సాయంత్రమైతే పిల్లలతో వచ్చే కుటుంబాలు, చేతిలో చెయ్యేసుకుని నడిచే జంటలు, ఓడల్ని ఫొటోలు తీసుకునే పర్యటకులు. ఆ సందడి మధ్యలో ఓ మూలన చిన్న గుమ్మటం కనిపిస్తుంది. నాలుగు పక్కలా తెరిచిన తోరణాలు, లోపల పైకప్పు నిండా రంగురంగుల పలకల అల్లిక. చూడగానే జపాన్ కట్టడం కాదని తెలిసిపోతుంది. ఏ రాజస్థాన్ కోటలోంచో ఊడదీసి తెచ్చి అక్కడ నిలబెట్టినట్టు ఉంటుంది. స్థానికులు దాన్ని ‘ఇండియా నీటి గోపురం’ అంటారు. దాహమేసిన వాళ్లు మంచినీళ్లు తాగడానికని కట్టించిన చలివేంద్రం అది.

కట్టించింది అక్కడి భారతీయ వర్తకులు. 1930ల చివర్లో దాన్ని నగరానికి కానుకగా ఇచ్చారు. ఎందుకిచ్చారన్నదే అసలు కథ. ఆ కథ తెలియాలంటే ముందు ఆ పార్కు గురించి తెలియాలి. ఎందుకంటే ఆ పార్కు కింద ఉన్నది మామూలు మట్టి కాదు. 1923లో కూలిపోయిన ఇళ్ల శిథిలాలు. వాటిని సముద్రంలో పోసి, పూడ్చి, చదును చేసి 1930లో పార్కుగా తెరిచారు.

పట్టు రేవులో మనవాళ్లు

యోకోహామా ఒకప్పుడు చిన్న పల్లె. 1859లో విదేశీ వర్తకానికి తెరిచాక దాని దశ తిరిగింది. కారణం పట్టు. గున్మా, నగానో లాంటి కొండ ప్రాంతాల్లో రైతులు పెంచిన పట్టుగూళ్ల నుంచి తీసిన ముడి పట్టు దారం బేళ్లకొద్దీ ఈ రేవుకే వచ్చేది. ఇక్కడి నుంచి ఎక్కువభాగం అమెరికా వెళ్లేది. అక్కడి ఆడవాళ్ల మేజోళ్లు, గౌన్లు ఆ పట్టుతోనే తయారయ్యేవి. జపాన్ ఎగుమతుల్లో దశాబ్దాల పాటు మొదటి స్థానం పట్టుదే. ఆ పట్టులో దాదాపు మొత్తం యోకోహామా దాటి వెళ్లాల్సిందే.

అక్కడికి మనవాళ్లు ఎలా చేరారు? జపాన్ బట్టల మిల్లులకు పత్తి కావాలి. బొంబాయిలో పత్తి ఉంది. కానీ ఓడల దారి మొత్తం ఐరోపా కంపెనీల చేతుల్లో ఉంది. వాళ్లు చెప్పిందే కిరాయి. 1893లో జంషెడ్‌జీ టాటా జపాన్ వెళ్లి, నిప్పన్ యూసెన్ కైషా అనే ఓడల కంపెనీతో మాట్లాడి బొంబాయి నుంచి కోబె రేవుకు కొత్త సర్వీసు మొదలుపెట్టించారు. దాన్ని దెబ్బతీయడానికి పాత కంపెనీలు కిరాయిని దాదాపు ఉచితం అన్నంతగా తగ్గించేశాయి. అయినా జపాన్ నూలు మిల్లుల సంఘం లొంగలేదు. ‘మా పత్తి మీ ఓడల్లోనే తెప్పించుకుంటాం’ అని ఇచ్చిన మాట మీద నిలబడింది. ఆ సర్వీసు బతికింది. ఓ వర్తక సంఘం కట్టుబడితే ఏం జరుగుతుందో చెప్పడానికి అదే తొలి పాఠం. అదే ఏడాది టాటా యోకోహామాలో ఓడెక్కి కెనడా వైపు బయల్దేరినప్పుడు తోటి ప్రయాణికుడు ఎవరో తెలుసా... షికాగో సభలకు వెళ్తున్న స్వామి వివేకానంద!

పత్తి వ్యాపారంతో కోబెకు వెళ్లినవాళ్లు కొందరైతే, పట్టుబట్టల కోసం యోకోహామా చేరినవాళ్లు మరికొందరు. వీళ్లలో ఎక్కువమంది సింధీలు. హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లే, కాకపోతే మన హైదరాబాద్ కాదు. ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉన్న సింధ్ హైదరాబాద్. వీళ్ల పద్ధతే వేరు. సింగపూర్, మనీలా, కైరో, జిబ్రాల్టర్... ఓడ ఆగే ప్రతి పెద్ద రేవులోనూ ఓ కొట్టు ఉండేది. కొట్టు నడిపేవాళ్లు సొంతవాళ్లో, సొంతూరి వాళ్లో. యోకోహామాలో కొన్న పట్టు తానులు, చేతిరుమాళ్లు, శాలువాలు ఆ గొలుసు వెంట ప్రపంచమంతా తిరిగేవి. ఇలా వ్యాపారం పెరిగి, కొట్లు పెరిగాక అందరూ కలిసి 1921లో యోకోహామా భారతీయ వర్తకుల సంఘాన్ని పెట్టుకున్నారు.

సంఘానికి రెండేళ్లయినా నిండిందో లేదో... ఊరే లేకుండా పోయింది!

పన్నెండుకు రెండు నిమిషాల ముందు

1923 సెప్టెంబరు 1, శనివారం. మధ్యాహ్నం పన్నెండు కావడానికి ఇంకా రెండు నిమిషాలు. ఇంటింటా పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అప్పుడు కదిలింది నేల. 7.9 తీవ్రత. చెక్క ఇళ్లు పొయ్యిల మీద కూలాయి. ఆ రోజు గాలి కూడా ఉద్ధృతంగా ఉంది. మంటలు వీధి నుంచి వీధికి పాకాయి. నీటి గొట్టాలు పగిలిపోవడంతో ఆర్పడానికి నీళ్లు లేవు, తాగడానికీ లేవు.

టోక్యో, యోకోహామా, చుట్టుపక్కల ప్రాంతాల్లో కలిపి సుమారు లక్షా 5 వేల మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ఒక్క యోకోహామాలోనే ఆ సంఖ్య దాదాపు 26 వేలు. విదేశీయులు దిగే గ్రాండ్ హోటల్ నేలమట్టమైంది. గిడ్డంగుల్లోని పట్టు బేళ్లు బూడిదయ్యాయి. ఓడలు కట్టే గట్టు సముద్రంలోకి జారిపోయింది. అప్పటికి ఆ ఊళ్లో ఉన్న భారతీయులు వంద మందికి కాస్త ఎక్కువ. వాళ్లలో ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఆ రోజుల్లోనే మరో ఘోరమూ జరిగింది. కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారని ఎవరో పుకారు పుట్టించారు. ఆ మాట నమ్మిన అల్లరిమూకలు వేలమంది కొరియన్లను చంపేశాయి. చైనీయులూ బలయ్యారు. పరాయి దేశం వాడంటేనే అనుమానంగా చూస్తున్న సమయమది. అలాంటప్పుడు యోకోహామా పౌరులు తమకు అండగా నిలిచారన్నది భారతీయ వర్తకులు మర్చిపోలేని విషయం. నీటి గోపురం కట్టించడానికి కారణాలు రెండని వాళ్లు చెప్పుకున్నారు. ఒకటి, చనిపోయిన తమవాళ్ల జ్ఞాపకం. రెండోది, ఆదుకున్న ఊరికి కృతజ్ఞత.

సరుకు ఆగదు

ఊరు కాలిపోయింది సరే. పట్టు పురుగుకు ఆ సంగతి తెలియదు కదా! గున్మా కొండల్లో గూళ్లు వస్తూనే ఉన్నాయి. దారం తీసే మిల్లులు నడుస్తూనే ఉన్నాయి. న్యూయార్క్‌లో కొనేవాళ్లు ఎదురు చూస్తూనే ఉన్నారు. తెగిపోయింది మధ్యలోని రేవు ఒక్కటే. అలాంటప్పుడు సరుకు ఏం చేస్తుంది? ఏటి నీరు అడ్డం వస్తే పక్కకు మళ్లినట్టు మళ్లుతుంది.

ఆ పక్క దారి కోబె. భూకంపం తాకని రేవు. గిడ్డంగులున్నాయి, బ్యాంకులున్నాయి, ఓడలొస్తున్నాయి. విదేశీ కంపెనీలు మూటాముల్లె సర్దుకుని అక్కడికే వెళ్లాయి. బతికిన భారతీయ వర్తకులూ అటే వెళ్లారు. అప్పటికే అక్కడ పత్తి వ్యాపారం చేసే మనవాళ్లు ఉన్నారు కాబట్టి నిలదొక్కుకోవడం తేలికైంది. అంతవరకూ యోకోహామా సొత్తుగా ఉన్న ముడి పట్టు ఎగుమతి కోబెలోనూ మొదలైంది. పట్టు నాణ్యతను పరీక్షించడానికి కోబె నగరం 1927లో పెద్ద భవనమే కట్టింది. ‘ఏదో నాలుగు నెలలు’ అనుకున్నది శాశ్వతమయ్యే సూచనలు కనిపించాయి.

యోకోహామాకు గుండెల్లో రాయి పడింది. ఇళ్లు కూలితే కట్టుకోవచ్చు. వర్తకం పోతే ఆ ఇళ్లలో ఉండేదెవరు? ఉండి తినేదేమిటి?

ముందుకొచ్చిన పట్టు షావుకారు

అప్పుడు ముందుకొచ్చిన వ్యక్తి హర తొమితరో. పట్టు వ్యాపారంలో కోట్లు గడించిన షావుకారు. కళలంటే ప్రాణం. ఊరి చివర ‘సాంకెయెన్’ అనే ఉద్యానవనం పెంచి, పాత గుడులూ ఇళ్లూ ఎక్కడెక్కడి నుంచో తెచ్చి అందులో నిలబెట్టి, ప్రజల కోసం తలుపులు తెరిచిన మనిషి. 1916లో జపాన్ వెళ్లిన రవీంద్రనాథ్ ఠాగూర్ చాలా రోజులు ఆతిథ్యం తీసుకున్నది ఈయన దగ్గరే. ‘స్ట్రే బర్డ్స్’ పుస్తకాన్ని ఠాగూర్ అంకితమిచ్చిందీ ఈయనకే.

భూకంపం తర్వాత హర తొమితరో కళాఖండాలు కొనడం మానేశారు. నగర పునర్నిర్మాణ సంఘానికి అధ్యక్షుడై డబ్బూ సమయమూ దానికే పెట్టారు. పట్టు వర్తకులు కూడా ఒక్కటయ్యారు. ఇళ్ల సంగతి తర్వాత, ముందు బేరం మొదలవ్వాలన్నది వాళ్ల పట్టుదల. బూడిద ఇంకా చల్లారని ఆ సెప్టెంబరులోనే పట్టు లావాదేవీలు మళ్లీ మొదలయ్యాయి. ‘యోకోహామా చచ్చిపోలేదు’ అని కొనేవాళ్లకు చెప్పడానికి అంతకన్నా మంచి దారి ఏముంటుంది?

ముడి పట్టు నిలబడింది. మరి పట్టుబట్ట? దాని ఎగుమతిలో పెద్ద చెయ్యి భారతీయులది. ఏ దేశంలో ఏ రంగు నడుస్తుందో, ఎవరికి ఎంత అరువివ్వొచ్చో తెలిసింది వాళ్లకే. సింగపూర్‌లో, కైరోలో కొట్లున్నదీ వాళ్లకే. వాళ్లు కోబెలోనే ఉండిపోతే బట్ట కూడా అక్కడికే పోతుంది. అందుకే యోకోహామా నగరపాలక సంస్థ, అక్కడి పట్టు ఎగుమతిదారులు కలిసి ఓ నిర్ణయానికొచ్చారు. భారతీయ వర్తకుల్ని వెనక్కి పిలవాలి. ఊరికే ‘రండి’ అంటే ఎలా వస్తారు? ఉండటానికి ఇల్లు కావాలి, అమ్మడానికి కొట్టు కావాలి. ఆ రెండూ సమకూర్చి మరీ రమ్మన్నారు. ఓ ఊరు తన సొంత గాయాలు మానకముందే పరాయి దేశపు వర్తకుల కోసం చోటు సిద్ధం చేయడం... అదీ విశేషం.

అందరూ రాలేదు. చాలామంది కోబెలోనే స్థిరపడ్డారు. జపాన్‌లో భారతీయులకు ముఖ్యకేంద్రంగా కోబె మారడానికి ఓ కారణం ఆ భూకంపమే. 1935లో అక్కడ వెలసిన మసీదుకు విరాళాలిచ్చిన వాళ్లలో భారతీయ వర్తకులు ముందున్నారు. కానీ కొన్ని కుటుంబాలు యోకోహామాకు తిరిగొచ్చాయి. కొట్లు తెరిచాయి. సంఘం మళ్లీ ఊపిరి పోసుకుంది. పదిహేనేళ్లు తిరిగేసరికి ఊరికి ఓ కానుక ఇచ్చే స్థితికి చేరింది. అదే నీటి గోపురం.

అరువుకూ ఓ హద్దు

ఇక్కడ ఓ చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. విపత్తులో వర్తకాన్ని కాపాడటమంటే ఇళ్లూ కొట్లూ ఇవ్వడమే కాదు. బాకీల లెక్క తేల్చడం కూడా. 1923లో జపాన్ ప్రభుత్వం బాకీల చెల్లింపులకు కొంత గడువిచ్చింది. భూకంపం దెబ్బతిన్న ప్రాంతాల వర్తకుల హుండీలను బ్యాంకుల నుంచి జపాన్ కేంద్ర బ్యాంకు తీసుకుంది. వాటికి ‘భూకంప హుండీలు’ అని పేరే పడింది. నిజంగా నష్టపోయినవాళ్లకు అది ప్రాణం పోసింది. కానీ భూకంపంతో సంబంధం లేని పాత మొండి బాకీలు కూడా అదే గుంపులో దూరాయి. ఏళ్లు గడిచినా వసూలు కాలేదు. 1927లో ఆ గుట్టు బయటపడి జనం బ్యాంకుల ముందు బారులు తీరారు. బ్యాంకులు మూతపడ్డాయి. కోబెలోని సుజుకి షోతెన్ అనే మహా వర్తక సంస్థ కుప్పకూలింది. ఆపన్నుడికి ఇవ్వాల్సిన అరువు అవకాశవాదికి పోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఇది. ఎవరు నిజంగా దెబ్బతిన్నారో, ఎవరు దొంగ లెక్క రాస్తున్నారో తోటి వర్తకుడికి తెలిసినంతగా దూరాన ఉన్న అధికారికి తెలియదు. సంఘాల అవసరం అక్కడే ఉంది.

ఈసారి కోబె వంతు

కాలచక్రం అంటే ఇదేనేమో! యోకోహామా బేరాన్ని అందిపుచ్చుకున్న కోబెకు 72 ఏళ్ల తర్వాత అదే గతి పట్టింది. 1995 జనవరి 17, తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలు. 6,434 మంది ప్రాణాలు పోయాయి. ఆకాశాన వేసిన రహదారి పక్కకు ఒరిగి పడిపోయిన ఫొటో ప్రపంచమంతా చూసింది. 1935లో కట్టిన మసీదు మాత్రం చెక్కుచెదరలేదు. ఇళ్లు కూలినవాళ్లకు అదే ఆశ్రయమిచ్చింది.

అంతకు ముందు ఏడాది వరకూ కంటెయినర్ల రవాణాలో కోబె ప్రపంచంలో ఆరో స్థానంలో ఉంది. ఒక్క తెల్లవారుజామున గట్లు కుంగాయి, క్రేన్లు విరిగాయి. జపాన్ ప్రభుత్వం రెండేళ్లలోనే రేవును బాగుచేసింది. సిమెంటు, ఇనుము... అన్నీ సమకూరాయి. ఓడలు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు!

ఎందుకంటే ఆ రెండేళ్లూ సరుకు ఆగలేదుగా. ఇతర దేశాల నుంచి వచ్చి కోబెలో ఓడ మారే కంటెయినర్లు దక్షిణ కొరియాలోని బుసాన్ రేవుకు మళ్లాయి. అక్కడ ఛార్జీలు తక్కువ. అలవాటైపోయింది. 2000 నాటికి బుసాన్ ప్రపంచంలో మూడో స్థానానికి ఎగబాకితే, కోబె ఎక్కడో కిందికి జారిపోయింది. భూకంపానికి ముందు ఎన్ని కంటెయినర్లు వచ్చేవో అన్ని మళ్లీ రావడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే 22 ఏళ్లు!

నగటా అనే పేటలో ఇంకో కథ. కృత్రిమ తోలుతో బూట్లూ చెప్పులూ కుట్టే చిన్న చిన్న పనిశాలలకు ఆ పేట పెట్టింది పేరు. భూకంపం, మంటలు కలిసి దాన్ని మింగేశాయి. దుకాణదారులు సీజను పోగొట్టుకోలేరు కదా! చైనా సరుకు తెప్పించుకున్నారు. పనిశాలలు తిరిగి తెరిచేసరికి పాత ఖాతాదారుడి అల్మరా నిండిపోయి ఉంది. కట్టడం బాగైనంత మాత్రాన బంధం బాగవదని కోబె చెప్పింది.

ఓ చిప్పు కోసం వేలమంది

2011లో ఆ పాఠం గుర్తుపెట్టుకున్నట్టే కనిపించింది జపాన్. మార్చి 11న భూకంపం, సునామీ, ఆపైన ఫుకుషిమా అణు ప్రమాదం. ఇబరాకి రాష్ట్రంలో రెనెసాస్ అనే కంపెనీకి నకా అనే చోట చిప్పుల ఫ్యాక్టరీ ఉంది. కారు ఇంజిన్‌నీ బ్రేకుల్నీ నియంత్రించే చిన్న చిప్పులు తయారయ్యేది అక్కడే. ప్రపంచంలో ఆ రకం చిప్పుల్లో పెద్ద వాటా ఆ కంపెనీదే. ఫ్యాక్టరీ దెబ్బతింది. గోరంత చిప్పు లేక కారంత కారు ఆగిపోయింది. బెంగళూరు దగ్గర బిడదిలో ఉన్న టయోటా ప్లాంటు కూడా విడిభాగాలు అందక ఉత్పత్తి తగ్గించుకుంది.

అప్పుడేం చేశారంటే... పోటీ పక్కన పెట్టారు. బజారులో ఒకరినొకరు ఓడించాలని చూసే కార్ల కంపెనీలు, విడిభాగాల కంపెనీలు, యంత్రాల తయారీదారులు తమ ఇంజినీర్లను ఆ ఫ్యాక్టరీకి పంపారు. ఒక్కోరోజు 2,500 మంది దాకా పనిచేశారు. సెప్టెంబరు దాకా తెరుచుకోదనుకున్న ఫ్యాక్టరీ జూన్ మొదట్లోనే ఉత్పత్తి మొదలుపెట్టింది.

మన దేశానికీ ఆ రోజుల్లో ఓ పాత్ర ఉంది. భారత్, జపాన్‌ల మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం మీద సంతకాలైంది 2011 ఫిబ్రవరి 16న. అంటే సునామీకి సుమారు మూడు వారాల ముందు. అంత విపత్తు వచ్చినా ఒప్పందం వాయిదా పడలేదు. ఆ ఏడాది ఆగస్టు 1నే అమల్లోకి వచ్చింది. మన జాతీయ విపత్తు స్పందన దళం మొదటిసారి దేశం దాటి వెళ్లిందీ అప్పుడే. 46 మంది మియాగి రాష్ట్రంలోని ఒనగవాలో శిథిలాల మధ్య గాలింపు పనిచేశారు.

నీళ్లలో కార్లు... ఆకాశంలో ధరలు

అదే ఏడాది థాయ్‌లాండ్‌లో వరదలు. నెలల తరబడి కురిసిన వానకు నదులు పొంగి, అయుతాయ పరిసరాల్లో ఏడు పారిశ్రామికవాడలు మునిగాయి. వాటిలో వందల ఫ్యాక్టరీలు జపాన్ కంపెనీలవే. హోండా ప్లాంటులో కొత్త కార్లు కప్పు దాకా నీళ్లలో నిలబడ్డాయి. వెయ్యికి పైగా కార్లను ఆ కంపెనీ అమ్మకుండా తుక్కు చేసేసింది. కంప్యూటర్ హార్డ్‌డిస్కుల తయారీలో ఆ దేశానిది పెద్ద వాటా కావడంతో ప్రపంచమంతా వాటి ధరలు రెట్టింపయ్యాయి. ఆ రోజుల్లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కంప్యూటర్ కొనడానికి వెళ్లినవాళ్లకు ఎక్కడో బ్యాంకాక్‌లో వచ్చిన వరద సెగ ఇక్కడ తగిలింది.

ఫ్యాక్టరీ మునిగిన ప్రతి కంపెనీ ముందూ ఒకే ప్రశ్న. ఉండాలా? వెళ్లిపోవాలా? పక్కనే వియత్నాం ఉంది, ఇండొనేషియా ఉంది. అప్పుడు బ్యాంకాక్‌లోని జపాన్ వాణిజ్య మండలి లాంటి సంస్థలకు చేతినిండా పని. వెయ్యికి పైగా కంపెనీలు సభ్యులుగా ఉన్న మండలి అది. విడివిడిగా అడిగితే ఎవరు వింటారు? అందరి గోడూ కలిపి ప్రభుత్వం ముందుంచితేనే విలువ. కంపెనీలు అడిగినవి ముఖ్యంగా మూడు... మళ్లీ వరద రాకుండా ఏం చేస్తారు? బీమా కంపెనీలు ముఖం చాటేస్తే దిక్కెవరు? పాడైన యంత్రాల బదులు కొత్తవి తెచ్చుకుంటే సుంకం వేస్తారా?

థాయ్ ప్రభుత్వం విన్నది. యంత్రాలకు సుంకం మినహాయించింది. విపత్తుల బీమాకు ప్రత్యేక నిధి పెట్టింది. పారిశ్రామికవాడల చుట్టూ వరద గోడలు లేచాయి. ఇటు జపాన్ కూడా ఓ అరుదైన పని చేసింది. మామూలుగా విదేశీ కార్మికులకు అంత తేలిగ్గా తలుపు తీయని దేశం అది. అలాంటిది మునిగిన ఫ్యాక్టరీల్లోని వేలమంది థాయ్ కార్మికుల్ని కొన్ని నెలలపాటు జపాన్‌లోని ఫ్యాక్టరీల్లో పనిచేయనిచ్చింది. కార్మికుడికి జీతం ఆగలేదు, కంపెనీకి సరుకు ఆగలేదు. ఇక్కడి ప్లాంటు తెరుచుకునేసరికి పని తెలిసిన చేతులు సిద్ధంగా ఉన్నాయి. జపాన్ కంపెనీల్లో ఎక్కువభాగం థాయ్‌లాండ్‌లోనే ఉండిపోయాయి.

మొదటి వారమే ముఖ్యం

యోకోహామా నుంచి బ్యాంకాక్ దాకా ఈ కథలన్నింటిలోనూ ఉమ్మడిగా కనిపించే సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, కబురు. విపత్తు వచ్చిన రోజున దూరదేశంలో ఉన్న కొనుగోలుదారుడికి తెలిసేది టీవీలో చూపించే శిథిలాలే. ‘మా రేవు పోయింది కానీ సరుకు ఉంది, ఫలానా తేదీకి పంపుతాం’ అని నమ్మకంగా చెప్పేవాళ్లు కావాలి. ఒక్క వర్తకుడు చెబితే బతిమాలినట్టుంటుంది. సంఘం చెబితే హామీలా ఉంటుంది.

రెండోది, గడువు. సరుకు ఆలస్యమైందని ఒప్పందం రద్దు చేస్తే ఇద్దరికీ నష్టమే. ఇన్నేళ్ల బంధం మీద నాలుగు వారాలు ఆగమని అడగడానికి, ఆగడానికి ముందునుంచీ పరిచయం ఉండాలి. వరదొచ్చాక పరిచయాలు చేసుకోలేం.

మూడోది, చోటు. గిడ్డంగో, కొట్టో, ఫ్యాక్టరీలో ఓ మూలో... తాత్కాలికంగానైనా పని సాగే జాగా. యోకోహామా భారతీయులకు ఇచ్చింది అదే. జపాన్ థాయ్ కార్మికులకు ఇచ్చిందీ అదే.

విరాళాలు ముఖ్యమే, కాదనలేం. కానీ విరాళం ఒకసారి వస్తుంది. బేరం ఏడాది పొడవునా వస్తుంది. పోయిన బేరం వెనక పట్టుగూళ్లు పెంచే రైతు ఉంటాడు, బూట్లు కుట్టే కార్మికుడు ఉంటాడు, చిప్పులు పరీక్షించే అమ్మాయి ఉంటుంది.

మన తీరానికీ ఇది పరాయి కథేం కాదు. తుపాన్లకు ఆంధ్ర తీరం పాత చుట్టం. దేశంలో రొయ్యల ఎగుమతికి పెద్ద ఆధారం కూడా ఈ తీరమే. ఓ పెనుగాలికి చెరువు గట్లు తెగి, కరెంటు పోయి, శీతల గిడ్డంగులు ఆగితే... అమెరికాలోనో జపాన్‌లోనో ఉన్న కొనుగోలుదారుడికి ఈక్వెడార్, వియత్నాం రొయ్యలు అందుబాటులోనే ఉంటాయి. గట్టు ఎంత త్వరగా పూడ్చామన్నది ఒక లెక్క. ఈలోపు అతను మనకోసం ఆగాడా లేదా అన్నది అసలు లెక్క.

గోపురం దగ్గర సెప్టెంబరు 1

నీటి గోపురం కట్టాక కాలం సాఫీగా సాగలేదు. 1941లో యుద్ధం వచ్చింది. భారతీయులు అప్పటికి బ్రిటిష్ పాలనలోనే ఉన్నారు. వ్యాపారం ఆగింది. 1945 మేలో బాంబు దాడులకు యోకోహామా మరోసారి కాలిపోయింది. గోపురం నిలిచింది. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం ఆ పార్కును స్వాధీనం చేసుకుని ఏళ్లతరబడి ఇళ్లు కట్టుకుని ఉంది. అప్పుడూ గోపురం నిలిచింది. నైలాన్ వచ్చి పట్టు మేజోళ్ల కాలం చెల్లింది. మనవాళ్లు వేరే వ్యాపారాల్లోకి మళ్లారు. 1965లో యోకోహామా, బొంబాయి సోదర నగరాలయ్యాయి. భారతీయ సాఫ్ట్‌వేర్ కుటుంబాలు రావడం మొదలయ్యాక 2009లో అక్కడ భారతీయ పాఠశాల తెరుచుకుంది. జపాన్ వెళ్తున్న ఇంజినీర్లలో తెలుగువాళ్లూ తక్కువేం కాదు.

ఏటా సెప్టెంబరు 1న ఆ గోపురం దగ్గర భారతీయులు, యోకోహామా పౌరులు కలిసి నిలబడతారు. 1923లో పోయినవాళ్లను తలచుకుంటారు. కాళ్ల కింద ఉన్నది ఆనాడు కూలిన ఇళ్ల శిథిలాలే. ఎదురుగా సముద్రం మీద రేవుకొస్తున్న ఓడలు!